ఎండ మీద నింద

గత వేసవిలో ఆదోని నుండి ఎమ్మిగనూరుకు పోవుచుండగా మేము ఎక్కిన ఆటో సగము దారిలో ఆగిపోయినది. "ఎండకు ఇంజను పట్టేసింది సార్, ఏం చేసేది?" అన్నాడు డ్రైవరు. అందరును తల ఊపిరి, మేమును ఊపితిమి. తరువాత ఉస్తాదు ఇంజను విప్పి చూపినప్పుడు గాని మా తొందరపాటు మాకు తెలియలేదు. సిలిండరు రెక్కల సందులలో నూనెతో ముద్దకట్టిన మట్టి, దానిలో చిక్కుకొన్న దూది పీచు! పైగా గాలి బాగా తగులునని ఎవరో సిలిండరు మీది రేకు మూతను తీసివేసి ఉన్నారు.

ఈ మూత సంగతి విద్యార్థులు ఆలోచింపదగినది. ఒకే ఘనపరిమాణము గల నీటిని, గాలిని తీసికొన్నచో, నీరు మోయు వేడిలో గాలి మోయునది సుమారు 3,500వ వంతు మాత్రమే. అందుచేతనే సిలిండరు చుట్టును పలుచని రెక్కలు పోసి, వేడి విడుచు వైశాల్యమును పెంచుదురు. ఆటోలో ఇంజను వెనుక చాటున ఉండుటచేత ఎదురుగాలి చాలదు. ఇంజనుతోపాటు తిరుగు ఫ్యాను గాలిని తోయును. ఆ గాలిని రెక్కల సందులగుండా నడిపించునది రేకు మూతయే. దానిని తీసినచో గాలి సులభమైన దారి చూచుకొని పక్కకు పోవును. మూసినది చల్లన, తెరచినది వేడి! 1938లో పుట్టి, 2003 జూలైలో మెక్సికోలో తయారీ ముగిసిన వోక్స్‌వాగన్ బీటిల్ కారులోను ఫ్యాను, రేకు తొడుగు ఉండెడివి. ఇంజను నూనెను కూడ ఆ గాలియే చల్లబరచెడిది.

ఇక ఎండ మాట. రేడియేటరులోని నీరు 90 డిగ్రీలు, సిలిండరు రెక్క 180 డిగ్రీలు అనుకొందము. బయటి గాలి 28 నుండి 43 డిగ్రీలకు పెరిగినచో, నీటికిని గాలికిని గల అంతరము 62 నుండి 47కు, అనగా నాలుగవ వంతు తగ్గును. రెక్క విషయమున 152 నుండి 137కు, పదవ వంతే తగ్గును. రేడియేటరును పెద్దది చేసి ఆ లోటు పూరింపవచ్చును, అది వేరు సంగతి. గాలి ఇంజనుకు మాత్రము మన ఎండకన్న మన దూది, నల్లరేగడి దుమ్ము పెద్ద శత్రువులు. పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లుల చుట్టు దూది శీతకాలమున చేరును. నింద వేసవిలో ఎండకు పోవును.

ఆ డ్రైవరు పిస్టను మార్పించుటకు అప్పు చేసెను. అతని కుమారుడు మా తరగతి విద్యార్థియేనని పిమ్మట తెలిసినది. ఆ పిల్లవాడు ఉష్ణవహన సూత్రమును తప్పు లేకుండ వ్రాయగలడు. తండ్రి బండి మూత ఎందుకో చెప్పలేడు. తప్పు వానిది కాదు. మా పాఠములో ఇంజను నల్లబల్ల మీది బొమ్మగానే ఉన్నది. కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే: పాత ఇనుము కొట్టులో దొరకు ఆటో సిలిండరు నొకదానిని నిలువునా కోయించి ప్రయోగశాల బల్లపై పెట్టించవలెను. బ్రష్షు, కిరసనాయిలు మేము తెచ్చుకొందుము.