ట్యాంకులో కొట్టించేది మన నీళ్లే

ఆత్మకూరు బంకులో వంద రూపాయలకు కొట్టించుకున్నా, రెండు వేలకు కొట్టించుకున్నా అందులో అయిదో వంతు పెట్రోలు కాదు, ఇథనాల్. సారా బట్టీలో దిగే సరుకే. తాగడానికి పనికిరాకుండా చేసి ఇంజనుకు తాగిస్తున్నారు. పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపాలని 2003లో తొమ్మిది రాష్ట్రాల్లో మొదలుపెట్టారు. ఆ తొమ్మిదిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పదేళ్లు గడిచి 2013-14 వచ్చినా దేశం మొత్తం మీద కలిసింది ఒకటిన్నర శాతమే. ఆ తర్వాత పరుగు మొదలైంది. 2022 జూన్‌కు 10 శాతం, 2025కు 20 శాతం. 2030 దాకా ఉన్న గడువును అయిదేళ్లు ముందుకు లాక్కుని మరీ పూర్తి చేశారు. హంద్రీ-నీవా, గాలేరు-నగరి గడువుకన్నా అయిదేళ్లు ముందు పూర్తి కావడం మన తరంలో ఎవరైనా చూశారా?

ఇథనాల్ అన్న మాట వినగానే శాపనార్థాలు పెట్టే వాళ్లం కాదు మేము. 2014 నుంచి 2025 జూలై దాకా దీనివల్ల లక్షా 44 వేల కోట్ల రూపాయల విదేశీ మారకం మిగిలిందని కేంద్రం చెబుతోంది. మంచిదే. మిగిలిన ఆ డబ్బు ఎవరి జేబులోకి పోయింది, పోయిన మైలేజీ ఎవరి జేబులోంచి పోయింది అన్నదే మా ప్రశ్న.

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికన్నా మూడో వంతు తక్కువ. ఇది ఎవరూ కాదనని సంగతి. 20 శాతం కలిపితే పాత కార్లకు ఆరేడు శాతం మైలేజీ పడిపోతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే రాసింది. 2025 ఆగస్టులో గొడవ ముదిరాక పెట్రోలియం శాఖ, అబ్బే కొద్దిగానే, కొన్ని కార్లకు ఒకటి రెండు శాతం, మిగతావాటికి మూడు నుంచి ఆరు శాతం అంది. కొద్దిగా అనేది కొత్త కారు ఉన్నవాడి మాట. 20 శాతాన్ని తట్టుకునే పైపులు, వాషర్లతో కార్లు తయారు కావడం 2023 ఏప్రిల్ నుంచే మొదలైంది. ఆత్మకూరులో కారు అంటే ఏమిటి? నాలుగు చేతులు మారి వచ్చిన బండి. ఉద్యోగి లోను మీద కొని ఇంకా వాయిదాలు కడుతున్న బండి. రాత్రివేళ రోగిని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయేది అదే, శివరాత్రికి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటు ఎక్కేదీ అదే. బాడుగ మాట్లాడుకున్న డ్రైవరుకు వంద రూపాయల పెట్రోలులో అయిదు రూపాయలు కరిగిపోతే అది బాడుగలో రాదు, ఇంటి ఖర్చులోంచే పోతుంది.

ఇథనాల్ కలిపిన పెట్రోలు ధర తగ్గిస్తే వాహనదారుకు నష్టం పూడుతుందని అదే నీతి ఆయోగ్ నివేదిక సూచించింది. తగ్గించారా? లేదు. ఎందుకంటే ఇప్పుడు ఇథనాలే పెట్రోలుకన్నా ఖరీదట, లీటరు సగటున 71 రూపాయలు పడుతోందట! కలపని పెట్రోలు కొనుక్కునే వీలు ఉండాలని సుప్రీంకోర్టుకు వెళ్తే 2025 సెప్టెంబరు 1న ఆ పిటిషన్ కొట్టేశారు. బ్రెజిల్‌ను చూడండి అని మన మంత్రులు తరచూ అంటుంటారు కదా, చూద్దాం. 1975లో మొదలుపెట్టిన దేశం అది. అక్కడి పెట్రోలులో 30 శాతం ఇథనాల్ కలిసే ఉంటుంది, నిజమే. కానీ అదే బంకులో వట్టి ఇథనాల్ వేరే గొట్టంలో, వేరే ధరకు దొరుకుతుంది. ఏది పోసినా నడిచే కార్లు 2003 నుంచీ ఉన్నాయి. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపు ఉంటేనే జనం దాన్ని కొట్టిస్తారు, లేదంటే లేదు. లెక్క కొనేవాడి చేతిలో ఉంది. మనకు బ్రెజిల్ ఇథనాల్ తెచ్చారు, బ్రెజిల్ బోర్డు తేలేదు.

సరే, అయిదు రూపాయల సంగతి వదిలేద్దాం. సీమవాళ్లం అడగాల్సిన అసలు లెక్క నీళ్లది.

చెరకు నుంచి లీటరు ఇథనాల్ తీయాలంటే 2,860 లీటర్ల నీళ్లు కావాలి. ఈ అంకె కూడా మాది కాదు, నీతి ఆయోగ్‌దే. వాన నీళ్లు ఎన్ని, కాలువ నీళ్లు ఎన్ని అని విడదీయకుండా వేసిన లెక్క అనుకున్నా సరే, దీన్ని మనకు తెలిసిన కొలతలోకి మార్చి చూడండి. కోటి లీటర్ల చెరకు ఇథనాల్ అంటే 2,860 కోట్ల లీటర్ల నీళ్లు. అంటే దాదాపు ఒక టీఎంసీ! మన పక్కనే ఉన్న వెలుగోడు రిజర్వాయరు నిండా నింపితే 17 టీఎంసీలు. పదిహేడు కోట్ల లీటర్ల ఇథనాల్‌కు ఒక వెలుగోడు ఖాళీ. ఇప్పుడు దేశంలో ఏడాదికి పెట్రోలులో కలుస్తున్నది వెయ్యి కోట్ల లీటర్ల దరిదాపు, అందులో మూడో వంతు చెరకుది. మూడు వందల టీఎంసీలకు పైమాటే. శ్రీశైలం డ్యాం కట్టినప్పటి సామర్థ్యం 308 టీఎంసీలు. ఏటా ఒక శ్రీశైలాన్ని కార్లు తాగుతున్నాయన్నమాట.

మన దగ్గర చెరకే లేదు, కడప జిల్లా చెన్నూరు చక్కెర ఫ్యాక్టరీ ఏనాడో మూతపడింది, మనకెందుకీ లెక్క అనవచ్చు. కొల్హాపూర్, సాంగ్లీ, బెళగావి, బాగల్‌కోట్ చెరకు తోటలు ఏ నదుల మీద ఉన్నాయి? కృష్ణ మీద, దాని ఉపనదుల మీద. అక్కడ తోటలో ఇంకిన నీరు శ్రీశైలానికి రాదు. పోతిరెడ్డిపాడు దాటి బనకచెర్లకు అసలే రాదు. బచావత్ ట్రిబ్యునల్ 1976లో ఏ రాష్ట్రానికి ఎన్ని టీఎంసీలో పంచింది. ఆ నీళ్లు అన్నం కోసమా, కారు కోసమా అని అడిగే అవసరం అప్పట్లో ఎవరికీ రాలేదు. ఇప్పుడు వచ్చింది. నీళ్ల కోసం రోడ్డెక్కిన వాళ్లం మేమే ఈ లెక్క అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

మిగతా మూడింట రెండు వంతులు ధాన్యం నుంచి వస్తోంది. రైతు అన్నదాతే కాదు, ఇంధనదాత కూడా కావాలని గడ్కరీ గారు సభ సభలోనూ చెబుతారు. మొక్కజొన్న రైతుకు దీనివల్ల కొంత మేలు జరగలేదని మేము అనం. 2024లో గిరాకీ ఎంత పెరిగిందంటే దేశం మొక్కజొన్న దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది, కోళ్ల ఫారాలవాళ్లు దాణా ఖర్చు చూసి గగ్గోలు పెట్టారు. ఆ ఊపు ఎన్నాళ్లుంది? 2025లో మద్దతు ధర క్వింటాలు 2,400. పంట చేతికొచ్చే వేళకు కర్ణాటకలో ధర 1,700కు అటూ ఇటూగా పడిపోయి హావేరి, గదగ్ రైతులు రోడ్ల మీద కూర్చున్నారు. క్వింటాలు మొక్కజొన్నకు 38 లీటర్ల ఇథనాల్ దిగుతుంది. లీటరుకు ఫ్యాక్టరీకి ఇచ్చే ధర 71 రూపాయల 86 పైసలు. గుణించుకోండి, 2,700 దాటుతుంది. మిగిలిన పిప్పి దాణాకు అమ్ముకుంటే వచ్చేది అదనం. రైతు ధర పడిపోతుంది, ఫ్యాక్టరీ ధర మాత్రం స్థిరం. ఇంధనదాత ఎవరో, లబ్ధిదారు ఎవరో తెలిసిపోతోంది కదా.

బియ్యం సంగతి ఇంకా విడ్డూరం. ఆహార సంస్థ గోదాముల్లోని బియ్యం 52 లక్షల టన్నులు 2024-25లో ఇథనాల్‌కు కేటాయించారు, కిలో 22 రూపాయల 50 పైసలకు. ఆ బియ్యం సేకరించి దాచడానికి ప్రభుత్వానికి 40 రూపాయల దాకా పడుతుంది. 35 లీటర్ల ట్యాంకు ఒకసారి నింపితే ఏడు లీటర్ల ఇథనాల్. బియ్యంతో తీస్తే పదిహేను కిలోలు. రేషన్‌లో ముగ్గురు మనుషుల నెల బియ్యం.

ఇక ఫ్యాక్టరీలు ఎక్కడ పెడుతున్నారో చూడండి. తుంగభద్రకు అవతలి ఒడ్డున, మన సుంకేసులకు పక్కనే ఉండే రాజోలి మండలం పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో జనం ఇథనాల్ ఫ్యాక్టరీ మీద తిరగబడ్డారు. అరెస్టయిన రైతులను బేడీలతో అలంపూర్ కోర్టుకు తెచ్చారు. అంతకుముందు 2023లో నారాయణపేట జిల్లా చిత్తనూరు, 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్. దిలావర్‌పూర్‌లో ఊళ్లకు ఊళ్లు రోడ్డు మీద కూర్చుంటే పనులు ఆపారు. ఇంత గొడవ ఎందుకయ్యా, ముందే పిలిచి అడగొచ్చు కదా అనుకుంటాం. అడగనక్కర్లేకుండా 2021 జూన్‌లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. వ్యర్థ జలం బయటికి వదలమని చెప్పి, పెట్రోలులో కలపడానికే తయారు చేస్తామనే ధాన్యపు ఇథనాల్ ఫ్యాక్టరీలను ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేని జాబితాలో వేసింది. కంచె లేచాకే ఊరికి తెలుస్తుంది.

ఈ కొత్త ఇంధనాల సంబరం మనకు కొత్త కాదు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ అడవి ఆముదం మొక్కతో డీజిల్ కరువు తీరుతుందని చెప్పింది. కోటి హెక్టార్లకు పైగా నాటితే 2011-12కు 20 శాతం డీజిల్ మొక్క నుంచే అన్నారు. మన రాష్ట్రంలో కరువు జిల్లాల పేరుతో పెట్టిన శాఖ ఒకటి ఉండేది. మేఘమథనం దాని పనే, కానుగ, అడవి ఆముదం నాటించడమూ దాని పనే. ఆ మబ్బులు ఎంత కురిశాయో ఈ మొక్కలూ అంతే కాశాయి. నీళ్లు లేకపోయినా అడవి ఆముదం చావదు, అది నిజం. కానీ నీళ్లు లేకపోతే కాయదు. ఆ రెండో ముక్క రైతుకు ఎవరూ చెప్పలేదు. దేశంలో మొక్కల డీజిల్ నేటికీ ఒక శాతం కాలేదు. నల్లమలలో కానుగ గింజలేరే చెంచు ఆడవాళ్లకు కానుగ గురించి శాఖకన్నా ఎక్కువ తెలుసు. వాళ్లను అడిగిన పాపాన పోలేదు.

మనకు కొరత లేనిది ఎండ ఒక్కటే. గని, శకునాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. ఆ భూముల పరిహారం కథ వేరే రాయాలి, రాస్తాం. ఇప్పుడు ఒక ఎకరం లెక్క వేద్దాం. ఎకరం మొక్కజొన్న 25 క్వింటాళ్లు పండితే 950 లీటర్ల ఇథనాల్, పెట్రోలుతో పోలిస్తే 630 లీటర్ల కింద జమ. లీటరుకు 18 చొప్పున కారు పదకొండు వేల కిలోమీటర్లు నడుస్తుంది. అదే ఎకరంలో పలకలు పరిస్తే ఏడాదికి రెండున్నర లక్షల యూనిట్లు. దారిలో, బ్యాటరీలో నాలుగో వంతు పోయిందనుకున్నా, యూనిట్‌కు ఆరు కిలోమీటర్ల చొప్పున పదకొండు లక్షల కిలోమీటర్లు. వంద రెట్లు! పలకలు కడగడానికి తప్ప నీళ్లు అక్కర్లేదు.

కరెంటు కారు ధర మనవాళ్లకు ఇంకా అందుబాటులో లేదు. నల్లమల దారిలో మధ్యలో ఛార్జింగ్ అయిపోతే ఏం చేయాలన్న భయమూ సహజమే. అందుకే పని బస్సులతో, బాడుగ బండ్లతో మొదలు కావాలి. ఆత్మకూరు ఆర్టీసీ డిపోలో, దోర్నాలలో, శ్రీశైలంలో ఛార్జింగ్ పెట్టడానికి ఎవరి పొలమూ తీసుకోనక్కర్లేదు. అది జరిగేలోగా బంకు బోర్డు మీద ఎంత కలిపారో రాయాలి, కలిపినంత మేర ధర తగ్గించాలి. మన జిల్లాల్లో ఏ ఊరి దగ్గరైనా ఇథనాల్ ఫ్యాక్టరీ పేరు వినబడితే, ఉద్యోగాలెన్ని అని అడిగే ముందు అనుమతి కాగితం తెప్పించి చూడండి. నీళ్లు ఏ కాలువ నుంచి, రోజుకు ఎన్ని అన్నది అందులో రాసి ఉంటుంది.