స్టేషను బొమ్మలో మనుషులు ఉండాలా, వద్దా?



పోయిన సంచికలో మా క్లబ్బు గురించి చదివారు కదా. కొండపల్లి రైల్వే స్టేషను మోడల్ తయారు చేస్తున్నామని, సైన్సు ఫెయిరుకి పంపుతామని రాశారు. ఒక్క సంగతి మాత్రం రాయలేదు. దాని మీదే మాలో మాకు తగాదా అయింది. అందుకని నేను విడిగా రాస్తున్నాను. ఇది క్లబ్బు అభిప్రాయం కాదు, నా ఒక్కదాని అభిప్రాయం. తప్పులుంటే మన్నించండి.

సంగతి ఏమిటంటే, పోయిన ఆదివారం మీటింగులో మోడల్లో మనుషుల బొమ్మలు పెట్టొద్దని నిర్ణయం చేశారు. పదకొండు మందిలో ఎనిమిది మంది వద్దని చేతులెత్తారు. మేం పోగుచేసిన డబ్బుల్లో 430 రూపాయలు మిగిలాయి. వాటితో బజార్లో బ్యాటరీ మీద నడిచే వందేభారత్ బొమ్మ కొనాలట. శనివారం మేడం గారు విజయవాడ వెళ్తారు కాబట్టి అప్పుడే తెప్పించాలట. ఈ పత్రిక గురువారం గోడకెక్కుతుంది. అంటే మధ్యలో ఒక్క రోజే ఉంది. అందుకే గబగబా రాస్తున్నాను, దస్తూరీ బాగోలేదు.

అక్కలు చెప్పిన కారణాలు అబద్ధం కాదు. జడ్జీలు కదిలేదాన్ని, వెలిగేదాన్ని చూస్తారు, మనుషుల్ని ఎవరు చూస్తారు అన్నారు. అది నిజమే. చిన్న మనుషుల్ని చెయ్యడానికి చాలా రోజులు పడుతుంది అన్నారు. అదీ నిజమే, నాకు తెలుసు, నేను చేసి చూశాను. కానీ వందేభారత్ కొండపల్లిలో ఆగుతుందా? 2023 జనవరిలో సికింద్రాబాదుకీ విశాఖపట్నానికీ మధ్య వేసిన బండి అది. వరంగల్లు, ఖమ్మం మీదుగా వచ్చి మన స్టేషను ముందు నుంచే విజయవాడ పోతుంది. రయ్యిమని పోవడమే, ఆగడం లేదు. ఆగని బండికేమో లైట్లు, బ్యాటరీ. ఆగే పాసింజరుకేమో అట్టముక్క. ఎక్కే దిగే మనుషులకి అదీ లేదు. ఇది ఏం స్టేషను?

ఇంకొకటి, లెక్క ప్రకారం కూడా ఆ బొమ్మ కుదరదు. మేం ముందే స్కేలు పెట్టుకున్నాం, అసలు మీటరు మోడల్లో ఒక సెంటీమీటరు. అంటే వందో వంతు. బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, మా దాంట్లో 1.7 సెంటీమీటర్లు వచ్చింది. పెట్టె వెడల్పు మూడు మీటర్ల చిల్లర కాబట్టి మూడు సెంటీమీటర్ల పైన కొంచెం. పైన కరెంటు తీగ (25,000 వోల్టులు, దగ్గరికి పోకూడదు) దాదాపు ఐదున్నర సెంటీమీటర్ల ఎత్తులో కట్టాం. కుట్టు దారం కాదు, పాత మోటారు విప్పి తీసిన రాగి తీగ. మరి బజారు బొమ్మ పెట్టె నా అరచెయ్యంత వెడల్పు ఉంటుంది. అది పట్టాల మీద పట్టదు. దాని ముందు మా ప్లాట్‌ఫారం పీటలాగా కనిపిస్తుంది. జడ్జి గారు "స్కేలు ఎంతమ్మా?" అంటే అప్పుడు ఎవరు జవాబు చెప్తారు?

బండ్ల పొడవు విషయంలో మేం ముందే రాజీపడ్డాం. మా చెక్క ఎనిమిదడుగులు పొడవు, నాలుగడుగులు వెడల్పు. వందో వంతు లెక్కలో అది 244 మీటర్ల స్టేషనే. బొగ్గు గూడ్సుకి 58 వ్యాగన్లు ఉంటాయి, ఒక్కోటి పది మీటర్ల పైన. మొత్తం కడితే మాకు ఆరు మీటర్లు దాటుతుంది, తరగతి గది తలుపులోంచి వరండాలోకి పోతుంది. అందుకని ఎనిమిది వ్యాగన్లు చాలనుకున్నాం. బండిని కుదించవచ్చు, ఎనిమిది చూసినా గూడ్సు అని తెలుస్తుంది. మనిషిని అలా కుదించలేం కదా! ఉంటే ఉండాలి, లేకపోతే లేదు.

ఆ బొగ్గు గూడ్సు మీద నాకు కొంచెం అభిమానం. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి బొగ్గు సింగరేణి నుంచి కూడా వస్తుంది. అది డోర్నకల్ మీదుగా మా వైపు నుంచి వచ్చే దారి. రాత్రి హాస్టల్లో పడుకుంటే దాని చప్పుడు వినిపిస్తుంది. సరే, అది వేరే సంగతి.

ఇప్పుడు నా అసలు కారణం చెప్తాను. దీన్ని మీటింగులో చెప్పలేకపోయాను, గొంతు పట్టేసింది.

మాది కుకునూరు వైపు. ఇంట్లో కోయ మాట్లాడతాం. మా ఊరు ఉన్నచోట నుంచి కదలకుండానే 2014లో ఖమ్మం జిల్లా నుంచి పశ్చిమ గోదావరికి పోయింది, 2022లో మళ్ళీ ఏలూరుకి పోయింది. ఊరు ఇన్ని మారింది గానీ రైలు మాత్రం రాలేదు. ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. ఆరో తరగతిలో చేరడానికి అమ్మా నేనూ ఒక రేకు పెట్టె పట్టుకుని బూర్గంపాడు మీదుగా బస్సులో కొత్తగూడెం వచ్చాం. అక్కడ స్టేషను పేరు భద్రాచలం రోడ్ అని ఉంటుంది. నేను పైకి చదివేసరికి అమ్మ బెదిరిపోయింది. "ఇదేందే, మనం కొత్తగూడెం గదా వచ్చింది, భద్రాచలం అంటన్నావు, సరిగ్గా చదువు" అంది. నేను మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అదే వచ్చింది. భద్రాచలం అక్కడికి నలభై కిలోమీటర్లు ఉంటుందని, పేరు మాత్రమే అదని టీ అమ్మే ఆయన చెప్పాక ఊపిరి తీసుకుంది.

దారిలో వాన. అందరూ కిటికీ షట్టర్లు దించేశారు. జనరల్ పెట్టెలో మధ్యలో మా పెట్టె మీదే కూర్చున్నాం. ఎక్కడెక్కడో ఆగింది, కదిలింది. ఒకచోట కదిలాక తలుపు సందులోంచి పసుపు బోర్డు వెనక్కి పోతూ కనిపించింది. సగమే చదివాను, "...పల్లి". అప్పటికే దాటిపోయింది. తప్పు మాదే, ఎవరినీ అడగలేదు. తెలుగు సరిగ్గా రాదని నవ్వుతారేమోనని అడగలేదు. తిన్నగా విజయవాడ పోయి దిగాం. పది ప్లాట్‌ఫారాల స్టేషను అది. అమ్మ నా జడ పట్టుకునే నడిచింది.

తిరిగి ఇంకో బండి ఎక్కాం. ఈసారి నేను ముందే తలుపు దగ్గర నిలబడ్డాను. రాయనపాడు వచ్చింది, చదివాను. తర్వాత పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు, కొండపల్లి. గట్టిగా చదివాను. పక్కన గంప పెట్టుకున్న ఒక ముసలామె "కొండపల్లేనా పాపా?" అంది. అవును మామ్మా అన్నాను. ఆమె దిగింది, ఆమె వెనక ఇంకో తాత దిగాడు, మా అమ్మ దిగింది. నేను చదివితే ముగ్గురు దిగారు. అమ్మ ఊళ్ళో ఇప్పటికీ అదే చెప్తుంది, నా మార్కుల సంగతి చెప్పదు.

మా మోడల్లో బోర్డు ఉంది, బాగుంది. మూడు భాషల్లో రాయాలని కూడా అనుకున్నాం. ఆ బోర్డుని చదివేవాళ్ళు లేరు. చదివి చెప్పమని అడిగేవాళ్ళూ లేరు. మరి బోర్డు ఎందుకు?

పెద్ద పెద్ద మోడళ్ళు చేసినవాళ్ళు ఇలా చెయ్యలేదు. పూణేలో జోషి గారి చిన్న రైళ్ళ మ్యూజియం ఉంది, 1998లో తెరిచారు. రైళ్ళతో పాటు సర్కసు, ఈత కొలను కూడా పెట్టారు. జర్మనీలో హాంబర్గ్ ఊళ్ళో 2001లో మొదలైన మోడల్ని మేడం గారు ఫోనులో చూపించారు. అక్కడ వెయ్యి పైన రైళ్ళు ఉన్నాయి, మనుషుల బొమ్మలు రెండు లక్షల పైన. అంటే ఒక్కో రైలుకి ఎంతమంది పడ్డారో మీరే భాగించి చూడండి. వాళ్ళ స్కేలు 87వ వంతు, మనకన్నా కొంచెమే పెద్దది.

అంత దూరం ఎందుకు? మనం ఉన్నది ఎక్కడ? కొండపల్లిలో! ఏ ఊళ్ళో మనుషులు లేని బొమ్మలు చేసినా పర్వాలేదు గానీ ఈ ఊళ్ళో చేస్తే నవ్వరా? బొమ్మల కాలనీకి మేడం గారు తీసుకెళ్ళినప్పుడు అందరం చూశాం. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు ఉన్నాడు. ఎడ్లబండి ఉంటే తోలేవాడు ఉన్నాడు. అంబారీ ఏనుగు మీద కూర్చునేవాళ్ళు ఉన్నారు. మా ఇళ్ళల్లో బొమ్మల కొలువు పెట్టరు, నేను ఇక్కడికొచ్చాకే సంక్రాంతికి చూశాను. అందులో ఊరంతా ఉంటుంది, దంచేవాళ్ళు, తూకం వేసేవాళ్ళు, పెళ్ళివాళ్ళు. ఖాళీ ఊరు ఎవరూ పెట్టరు.

ఎలా చేస్తారో కూడా అక్కడే చెప్పారు. తెల్లపొణికి చెక్కని వేడి చేసి తడి పోగొడతారు. అది చాలా తేలిక. చేతులు, కాళ్ళు, తల విడివిడిగా చెక్కి మక్కుతో అతికిస్తారు. చింతగింజల పొడితో చేసిన జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు అవుతుంది. ఆరాక సున్నం పూత, తర్వాత రంగులు. మన స్కేలులో మనిషి ఎత్తు ఒకటిన్నర సెంటీమీటరు, రెండు బియ్యపు గింజలు నిలబెట్టినంత. దాన్ని చెక్కడం మన వల్ల కాదు, ఒప్పుకుంటాను. అగ్గిపుల్ల ముక్కకి మక్కు చుట్టి చేశాను. మొదటి నాలుగూ దోసకాయల్లాగా వచ్చాయి. అక్కలు నవ్వారు, నేనూ నవ్వాను. ఐదోది నుంచి మెడ తెలిసింది. ఇప్పటికి పదకొండు అయ్యాయి, మూడు విరిగాయి. ఖర్చు ఏమీ లేదు. చింతగింజలు వంటశాలలో అక్కని అడిగితే ఇచ్చింది.

నలభై మంది ఉంటే చాలు. అందరూ ప్లాట్‌ఫారం మీద వరసగా ప్రేయరులో నిలబడ్డట్టు వద్దు. జనరల్ పెట్టె ఆగేచోట ఎక్కువమంది, మధ్యలో తక్కువ. కుళాయి దగ్గర సీసా పట్టుకుని ఒకరు. బెంచీ మీద పడుకుని ఒకరు. లూపు లైనులో పాసింజరు ఆగి ఉంటే, మెయిను లైనులో పెద్ద బండి దాటిపోయేదాకా దాన్ని వదలరు కదా, అప్పుడు దిగి నిలబడి సిగ్నలు వైపు చూసేవాళ్ళు కొందరు. ఇది చూస్తే జడ్జీలకి సిగ్నలు ఎందుకో మనం చెప్పకుండానే తెలుస్తుంది.

మరి కదిలేది ఉండాలి అన్నారు కదా. సిగ్నలు లైట్లు ఎలాగూ మారుస్తున్నాం. పాత మోటారు ఒకటి ఉంది, దాంతో మన అట్ట పాసింజరునే లాగుదాం. పోయినసారి దారం తెగింది, నైలాన్ దారం వేస్తే తెగదని పదో తరగతి అక్కే చెప్పింది. 430 రూపాయల్లో రంగులు, సన్న బ్రష్షులు, నైలాన్ దారం వచ్చాక కూడా మిగులుతుంది.

శుక్రవారం సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక ఇంకోసారి చేతులెత్తించమని క్లబ్బు లీడరు అక్కని అడిగాను. చూద్దాం అంది. క్లబ్బులో లేనివాళ్ళు కూడా వచ్చి బొమ్మలు చూడొచ్చు, నా పెట్టెలో దూదిలో పెట్టి ఉంచాను. ముట్టుకోవద్దు, మక్కు ఇంకా పచ్చిగా ఉంది.

బోర్డు మీద తెలుగులో కొండపల్లి అని ఎవరు రాయాలో ఇంకా తేలలేదు. నాకు రాయాలని ఉంది గానీ నా దస్తూరీ మీరు చూస్తూనే ఉన్నారు.

— రైల్వే క్లబ్బు సభ్యురాలు, తొమ్మిదో తరగతి