అదను తప్పిన చదువు

పరీక్షలు సమీపించిన మాసమున విజయవాడ వన్ టౌన్ ఇరుకు వీధులలో అర్ధరాత్రి దాటినను దీపములు ఆరవు. సంవత్సరమంతయు మూతవడిన పుస్తకములు అప్పుడు ఒక్కసారిగా తెరచుకొనును. దీనిని పెద్దలు సోమరితనమందురు. ఆ నింద సగమే నిజము. పని కొండంతగా తోచినపుడు, ఎచ్చట ఆరంభింపవలెనో తెలియనపుడు, తప్పు జరిగిన నవ్వులపాలగుదుమను భయము కలిగినపుడు బాలుడు ‘రేపు’ అను మాట చాటున దాగుకొనును. భయపడినవానిని తిట్టినచో భయము పెరుగునే గాని పని సాగదు.

ఈ ‘రేపు’ పిల్లల సొత్తు మాత్రమే కాదు. నగరము చెంతనే పారుచున్న కృష్ణానది చరిత్రయే అందుకు సాక్ష్యము. నదికి అడ్డుకట్ట వేసి సేద్యమునకు నీరు మళ్ళింపవచ్చునను ఆలోచన 18వ శతాబ్ది చివరనే పుట్టినది. వ్యయమును గూర్చిన తర్జనభర్జనలతో ఏండ్లు గడచినవి. ఇంతలో 1832-33లో నందన కరవు వచ్చి, గుంటూరు సీమలో వేలకు వేలు జనులు ఆకలికి బలియైరి. తుదకు 1852లో ఆరంభమైన ఆనకట్ట 1855లో పూర్తియైనది. పనికి పట్టినది మూడేండ్లు. మొదలిడుటకు పట్టినది అర్ధశతాబ్దికి మించిన కాలము! 1952లో ఆ ఆనకట్టకు గండి పడినపుడు మాత్రము ఐదేండ్లు దాటిన కొలదికాలమునకే, 1957 డిసెంబరులో, ప్రకాశం బ్యారేజి సిద్ధమైనది.

ఆ నీటితో పండించు డెల్టా రైతు ‘అదను’ నెరిగి నడచును. నారు ముదిరిన పిదప నాటినచో పిలకలు తగ్గును. నాట్లు ఆలస్యమైనచో కోతలు వెనుకబడి, పంట తుపానుల వాత బడు అపాయము హెచ్చును. వరి కోయకముందే, నేలలో తడి యుండగనే, మినుము చల్లవలెను. ఏడాది పనినంతటిని ఒక్కసారిగా తలచి రైతు బెంగపడడు. దుక్కి, నారు, ఊడ్పు, కలుపు, కోత అని పంచుకొని, ఆనాటి పనిని ఆనాడు చేయును.

బడిలోను ఈ పద్ధతియే కావలెను. ‘నెల చివరకు వ్యాసము తెండు’ అన్నచో గడువు తెలియును గాని దారి తెలియదు. మొదటి వారము విషయసేకరణ, రెండవ వారము చిత్తుప్రతి, మూడవ వారము సవరణ అని ఉపాధ్యాయుడు విభజించి చూపవలెను. తొలి వాక్యమును తరగతిలోనే వ్రాయింపవలెను. అది వ్రాసినంతనే భయము సగము తీరును. చిత్తుప్రతిలో తప్పులుండుట సహజమని ముందే చెప్పవలెను. ఇంటికడ ప్రతిదినము ఒకే వేళకు అరగంట కూర్చుండుట అలవాటైనచో చివరి రాత్రుల జాగరణ తప్పును. అట్లని ఆటవేళను, నిద్రవేళను హరించుట కాలపాలన కాదు.

‘నిదానమే ప్రధానము’ కదా యని కొందరు ఆక్షేపింపవచ్చును. నిదానము పని చేయు తీరు. వాయిదా పనిని తప్పించుకొను తీరు. రెంటిని కలుపరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది పెద్దల నడవడి. జవాబుపత్రములను నెలల తరబడి బల్లపై నుంచు గురువు, కరెంటు బిల్లును చివరి దినము దాక కట్టని తండ్రి కాలము విలువను ఎంత బోధించినను పిల్లలు చెవినిడరు. వారము తిరుగకముందే దిద్దిన పత్రము విద్యార్థి చేతి కందినచో, ఉపన్యాసముతో పని లేకయే ఆ పాఠము వానికి బోధపడును.