కాలి గాయం: మొదటి గంట మీది, సూది డాక్టరుది

పత్తి చేలల్లో గుంటుక కొట్టే రోజుల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కాడెద్దుల కాళ్లకు గాయాలు ఎక్కువగా అవుతుంటాయి. రాళ్ల గట్లు, ముళ్ల కంచె తీగలు, నాగలి కర్రు, చేలో పడేసిన సీసా ముక్కలు, ఇవే చాలావరకు కారణాలు. పెళ్లి బరాత్‌లకు గుర్రాలు పెంచుకుని బతికేవాళ్లకూ ఇదే తిప్పలు. ఎద్దు కుంటితే అదును తప్పుతుంది, గుర్రం కుంటితే ముహూర్తాల నెలలో కూలి పోతుంది. అందుకే చాలామంది మొదట వెతికేది డాక్టరును కాదు, నొప్పి తగ్గించే సూదిని. ఈ అలవాటు ఎందుకు మారాలో, గాయమైనప్పుడు మీ చేతుల్లో ఉన్న పని ఏమిటో చూద్దాం.

నేను వ్యవసాయ విస్తరణ అధికారిని, పశువైద్యుణ్ణి కాను. అందుకే ఇక్కడ మందుల మోతాదులు చెప్పడం లేదు. డాక్టరు వచ్చేలోపు రైతు చేయగలిగినవి, చేయకూడనివి మాత్రమే చెబుతున్నాను.

సూదుల విషయంలో ఏం మారింది?

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని కేంద్రం 2006లోనే నిషేధించింది. ఆ మందు వేసిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. దేశంలో కొన్ని జాతుల రాబందులు నూటికి 95కు పైగా తగ్గిపోయాయి. నిషేధం తర్వాత కూడా మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు పశువులకు వాడడంతో, 2015లో ఆ సూది మందును 3 మిల్లీలీటర్ల చిన్న సీసాలకే పరిమితం చేశారు. 2023 జూలైలో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, ఆ తర్వాత నిమెసులైడ్ కూడా పశువులకు నిషిద్ధమయ్యాయి. రాబందులకు హాని చేయని మెలోక్సికామ్ వంటివి ఉన్నాయి. వాటినైనా డాక్టరు చూసి రాసిస్తేనే వాడాలి.

'రాబందుల కోసం మా ఎద్దు నొప్పి భరించాలా?' అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నిషేధం లేకపోయినా ఈ సూది రైతుకు నష్టమే. నొప్పి సూది గాయాన్ని మాన్పదు, కుంటును మాత్రం దాచిపెడుతుంది. దేవరకొండ వైపు ఒక రైతు ఎద్దుకు మోకాలి పక్కన చిన్న మేకు దిగింది. పైకి చూస్తే పప్పుగింజంత రంధ్రం. ఊళ్లో తెలిసినవాళ్లతో సూది వేయించాడు. మర్నాడు ఎద్దు బాగానే నడిచింది, గుంటుకకు కట్టాడు. అయిదో రోజుకు కీలు కుండలా వాచింది. ప్రాణం దక్కింది గానీ మళ్లీ కాడికి పనికిరాలేదు. సూది వేయకపోతే ఎద్దు మొదటి రోజే కుంటేది, డాక్టరును అప్పుడే పిలిచేవాడు.

బండి వచ్చేలోపు

తెలంగాణలో 2017 నుంచి సంచార పశువైద్య వాహనాలు తిరుగుతున్నాయి. 1962కు ఫోన్ చేస్తే ఖర్చు లేదు. అయితే ఒక్కో బండి ఎన్నో ఊళ్లు తిరగాలి. అచ్చంపేట, దేవరకొండ వంటి దూరపు తండాలకు వెంటనే చేరలేకపోవచ్చు. ఆ మధ్య సమయంలో మీరు చేసే పని మీదే గాయం ఎట్లా మానుతుందో చాలావరకు ఆధారపడి ఉంటుంది.

1. ముందు పశువును కదలకుండా పట్టుకోండి. గుర్రం అయితే వెనక నిలబడొద్దు. భుజం పక్కన ఉండి, అలవాటైన మనిషితో తల పట్టించండి.

2. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డను మడిచి గట్టిగా అదిమి 10 నుంచి 15 నిమిషాలు పట్టుకోండి. మధ్యలో ఎత్తి చూడొద్దు. గుడ్డ తడిసిపోతే దానిమీదే ఇంకొకటి పెట్టండి. తాడుతో బిగించి కట్టొద్దు. కింది భాగానికి రక్తం అందక కాలు చెడుతుంది.

3. రక్తం ఆగాక కడగండి. మరిగించి చల్లార్చిన లీటరు నీళ్లలో సుమారు 9 గ్రాముల ఉప్పు, అంటే రెండు టీ చెంచాలకు కొంచెం తక్కువ, కలపండి. సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజితో మట్టి, గడ్డి పోయేదాకా ధారగా కొట్టండి. మళ్లీ రక్తం మొదలైతే కడగడం ఆపి అదమండి.

4. తర్వాత 10 శాతం పోవిడోన్ అయోడిన్ 10 మిల్లీలీటర్లు లీటరు నీళ్లలో కలిపి, పల్చటి టీ రంగులో ఉన్న ఆ ద్రావణంతో ఒకసారి కడగండి. మందు చిక్కగా పోస్తే మానే కండ కూడా కాలుతుంది.

5. శుభ్రమైన గుడ్డ వేసి, పైన దూది చుట్టి వదులుగా కట్టు కట్టండి. దూది నేరుగా గాయానికి అంటకూడదు. పొడి నేల మీద కట్టేయండి, పనికి తోలొద్దు.

డీజిల్, కిరోసిన్, బ్యాటరీ పొడి, సున్నం, పేడ పెట్టొద్దు. పసుపు ముద్ద కూడా డాక్టరు చూసేదాకా వద్దు, కుట్లు వేయడానికి అడ్డమవుతుంది. పురుగులు పట్టాయని ఫినాయిలో, పత్తికి కొట్టే మందో పోయడం నేను కళ్లారా చూశాను. పురుగుమందు పుండు గుండా ఒంట్లోకి ఎక్కుతుంది, పశువుకే ప్రమాదం. పురుగులు పడితే డాక్టరును పిలవాల్సిందే.

వెంటనే డాక్టరును పిలవాల్సిన గుర్తులు

- మోకాలు, గిట్టపై కీలు దగ్గర ఎంత చిన్న గాయమైనా. తేనెరంగు జిగట నీరు కారితే కీలు తెగినట్టు అనుమానించాలి.
- 15 నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోతే, లేదా ఎర్రగా ఎగజిమ్ముతుంటే.
- ఎముక గానీ, తెల్లటి తాడులాంటి నరం గానీ కనబడితే.
- కాలు నేల మీద మోపకపోతే. ఇది విరిగిన ఎముక కావచ్చు.
- మేకు, ముల్లు లోతుగా దిగితే. ఎక్కడ, ఎంత లోతు దిగిందో గుర్తుంచుకుని చెప్పండి.
- వాపు, వేడి, దుర్వాసన ఉంటే. ఎద్దుకు 103, గుర్రానికి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం ఉంటే.

కుట్లు వేయాల్సిన గాయమైతే ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు వేయించడం మేలు. 'రేపు చూద్దాం' అనుకుంటే ఆ అవకాశం పోతుంది.

గుర్రం ఉన్నవాళ్లకు

ధనుర్వాతం గుర్రానికి చాలా తేలికగా వస్తుంది. గాయమైన కొన్ని రోజులకో వారాలకో శరీరం బిగుసుకుపోవడం, దవడ తెరవలేకపోవడం, కంటి మూల నుంచి తెల్లటి పొర ముందుకు రావడం దీని లక్షణాలు. అప్పుడు కాపాడడం కష్టం. ముందుగానే టీకాలు వేయించి, ఏ తేదీన వేశారో రాసుకోండి. గాయమైనప్పుడు ఆ తేదీ డాక్టరుకు చెప్పాలి.

గుర్రం మోకాలి కింది గాయంలో ఎర్రటి కండ గుబ్బలా పైకి పెరగొచ్చు. మైలుతుత్తం రుద్దొద్దు, డాక్టరుకు చూపించండి. కాలి మీద వరుసగా గడ్డలు లేచి పగిలి జిగట చీము కారుతుంటే, ముక్కు నుంచి కూడా చీము వస్తుంటే, అది గ్లాండర్స్ కావచ్చు. ఇది మనుషులకూ సోకుతుంది. 2009 చట్టం ప్రకారం అధికారులకు తప్పక తెలియజేయాల్సిన జబ్బు. ఒట్టి చేతులతో ముట్టకుండా విడిగా కట్టేసి కబురు చేయండి.

ఎద్దులు, ఆవుల్లో ఒకేసారి రెండు మూడింటికి గిట్టల మధ్య పుండ్లు వచ్చి, నోట్లో చొంగ కారితే అది దెబ్బ కాదు, గాలికుంటు అని అనుమానించాలి.

ఈ వారమే చేయండి

కొట్టంలో ఒక డబ్బా పెట్టండి. ఉప్పు, పోవిడోన్ అయోడిన్ సీసా, శుభ్రమైన గుడ్డలు, దూది, సిరంజి, థర్మామీటరు అందులో ఉంటే చాలు. గోడ మీద 1962తో పాటు మీ మండల పశువైద్యశాల నంబరు పెద్దగా రాయండి. డాక్టరు సూది వేస్తే ఏ మందో చీటీ మీద రాయించుకోండి. పాడి పశువైతే పాలు ఎన్ని రోజులు అమ్మకూడదో అడగండి.

మందుల షాపులో నొప్పి సూది అడిగే ముందు ఒక్కసారి ఆలోచించండి. పశువు కుంటుతోందంటే లోపల ఏదో జరుగుతోందని చెబుతోంది. ఆ మాట డాక్టరు చెవిన పడేదాకా దాన్ని ఆపొద్దు.