పరామర్శ ఒక్క పూటతో ఆగకూడదు: నల్లగొండ, పాలమూరు సంఘాలకు ఒక విన్నపం

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న పెరుమాళ్ల ప్రణయ్‌ని గర్భవతి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. ప్రణయ్‌ది దళిత క్రైస్తవ కుటుంబం, ఆమెది వైశ్య కుటుంబం. కిరాయి హంతకులను పెట్టించింది ఆమె కన్నతండ్రి మారుతీరావేనని పోలీసులు కేసు పెట్టారు. తీర్పు వినకుండానే 2020 మార్చిలో ఆయన హైదరాబాద్‌లో చనిపోయాడు. నల్లగొండలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు 2025 మార్చి 10న ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది.

చావుకూ తీర్పుకూ మధ్య ఆరున్నరేళ్లు గడిచాయి. దేశమంతా పేరు తెలిసిన కేసుకే అంత కాలం పట్టింది. పేపర్లో జిల్లా పేజీ దాటని చావులు ఈ రెండు పాత జిల్లాల్లో ఎన్నో ఉంటాయి. అప్పుల పాలై పురుగుమందు తాగిన కౌలురైతు, ముంబైలో పరంజా మీద నుంచి పడిపోయిన పాలమూరు కూలి, కట్టుకున్నవాడు వదిలేసి పోయిన ఆడబిడ్డ. వీళ్లలో క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. ఆ ఇళ్లకు సంఘం ఎన్నాళ్లు వస్తోంది, వచ్చి ఏం చేస్తోంది అన్నదే ఈ కరపత్రం అడిగే ప్రశ్న.

భూస్థాపన రోజు సంఘమంతా వస్తుంది. అందులో వంక పెట్టడానికి లేదు. పాస్టర్ గారు వాక్యం చెబుతారు, స్త్రీల సమాజం వాళ్లు రాత్రంతా కూర్చుంటారు, యువకులు గుంత తవ్వుతారు. కొన్నాళ్లకు ఆదరణ కూడిక, ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక. ఈ రెండు కూడికల మధ్యే అసలు కష్టమంతా ఉంటుంది. మండల ఆఫీసు, బ్యాంకు, పోలీస్ స్టేషన్, కోర్టు, వడ్డీ వ్యాపారి గుమ్మం అన్నీ ఆ నెలల్లోనే ఎక్కాలి. అప్పటికి ఆ ఇంటి ఆడమనిషి వెంట ఎవరూ ఉండరు.

అందుకే విన్నపం ఒక్కటే. ప్రతి సంఘం ఐదుగురితో ఒక తోడు బృందాన్ని ఎన్నుకోవాలి. వాళ్లలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి. చావు గానీ, ద్రోహం గానీ తగిలిన ఇంటికి ఆ బృందం ఏడాదిపాటు, కేసు నడుస్తుంటే కేసు ముగిసేదాకా తోడుండాలి.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో యెరూషలేము సంఘంలో వచ్చిన గొడవ ఇదే. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది. అపొస్తలులు ఆ ఫిర్యాదును అవిశ్వాసమని కొట్టిపారేయలేదు, ప్రార్థన చేసుకోండని పంపించనూ లేదు. ఏడుగురిని ఎన్నుకొమ్మన్నారు, పని అప్పగించారు. స్తెఫను, ఫిలిప్పు మొదట ఎన్నికైంది ఆ పనికే.

ఈ నేల మీద సంఘం వేళ్లూనిన తీరు కూడా అదే చెబుతుంది. అమెరికన్ బాప్టిస్టులు 1885లో పాలమూరు (మహబూబ్‌నగర్)లో, 1890లో నల్లగొండలో మిషన్లు పెట్టారు. నల్లగొండకు వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా సామ్రాజ్యంలోని మెన్నొనైట్ బ్రదరెన్ కుటుంబం వాడు. 1937లో మహబూబ్‌నగర్ పని బాప్టిస్టుల నుంచి మెన్నొనైట్ బ్రదరెన్ చేతికొచ్చింది. అంతకు చాలాముందే, 1907లో, డాక్టర్ క్యాథరీనా షెలెన్‌బర్గ్ ఇక్కడికి చేరింది. నాగర్‌కర్నూల్, దేవరకొండ, శంషాబాద్‌లలో వైద్యం చేస్తూ 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూసింది. తర్వాత జడ్చర్లలో మిషన్ ఆసుపత్రి లేచింది. రోగి పక్కన నెలల తరబడి నిలబడిన మనుషుల వల్లే ఈ ఊళ్లలో సంఘం మాటకు విలువ పెరిగింది.

ముచ్చింతల అనే ఊళ్లో జరిగిన ఒక సంగతిని పాల్ హీబర్ట్ రాశాడు. ఆయన 1932లో శంషాబాద్‌లో మిషనరీల ఇంట పుట్టాడు. మహబూబ్‌నగర్ జిల్లాలోని కొండూరు గ్రామం మీద 1971లో పుస్తకం ప్రచురించిన మానవశాస్త్రవేత్త. ముచ్చింతలలో అమ్మవారు పోసింది. మైసమ్మ కోపగించిందని, దున్నను బలివ్వాలని సోదె చెప్పేవాడు చెప్పాడు. ఊరి పెద్దలు ఇంటింటికీ చందా వేశారు. క్రైస్తవులు ఇవ్వబోమన్నారు. దాంతో ఊరివాళ్లు వాళ్లను బావిలో నీళ్లు తోడనివ్వలేదు, అంగట్లో సరుకు అమ్మలేదు. ఇచ్చేసి ఊరుకుందామని కొందరన్నా సంఘ పెద్ద ఒప్పుకోలేదు. అంతలో క్రైస్తవుల ఇంట్లోనే ఒక ఆడపిల్లకు మశూచి సోకింది. సంఘ పెద్ద నడిచొచ్చి, ప్రార్థన చేయమని హీబర్ట్‌ను అడిగాడు. ఇద్దరూ ప్రార్థన చేశారు. వారానికి పిల్ల చనిపోయింది.

తాను ఓడిపోయానని హీబర్ట్ కుంగిపోయాడు. కానీ మళ్లీ వచ్చిన సంఘ పెద్ద ముఖంలో ఓటమి లేదు. పిల్ల బతికుంటే ఊరు ఈ దేవుని శక్తిని ఒప్పుకునేదే గానీ, ఎప్పటికైనా ఆ పిల్లకూ చావు తప్పదని ఊరికి తెలుసన్నాడు. భూస్థాపనలో క్రైస్తవులు పునరుత్థానం మీద పెట్టుకున్న నిరీక్షణను చూశాకే ఈ మార్గం గురించి అడగడం మొదలుపెట్టారని చెప్పాడు. ఊరు వెలివేసినా, పిల్ల పోయినా చెదరకుండా ఒకరినొకరు పట్టుకుని నిలబడిన మనుషులను ఊరు చూసింది, చూసి తనంతట తాను అడిగింది. అక్కడ సువార్త చెప్పిన తీరు అదే.

ఈ రెండు జిల్లాల గోడల మీద ఇప్పుడు కనిపించే స్వస్థత కూడికల పోస్టర్లది వేరే దారి. అద్భుతం జరిగితే విశ్వాసం గెలిచినట్టు, జరగకపోతే ఆ ఇంటివాళ్ల విశ్వాసం చాలనట్టు లెక్క. బిడ్డ పోయిన తల్లితో ఉపవాసం సరిగ్గా ఉన్నావా అని అడిగే వాళ్లున్నారు. భర్త ఉరేసుకున్న ఇంట్లో ఏ పాపం దాచారని ఆరా తీసే వాళ్లున్నారు.

యోబు స్నేహితులు చేసిందీ అదే. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుని నోరు మెదపనంతసేపు వాళ్లు మంచి స్నేహితులు. నోరు విప్పి నీ పాపమే కారణమని వాదించడం మొదలుపెట్టాకే చెడ్డారు. చివరికి దేవుడు కోపగించింది యోబు మీద కాదు, వాళ్ల మీద. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపాత్ములు కారని యేసు తేల్చి చెప్పాడు. ఈ భాగాలు ప్రతి సంఘంలోనూ చదువుతారు. పరామర్శకు వెళ్లినప్పుడు గుర్తుంచుకోవడమే జరగడం లేదు.

ద్రోహం తగిలిన ఇంటికి ఇంకో ఒత్తిడి ఉంటుంది. క్షమించమంటారు. క్షమించడమంటే కేసు వదిలేయడమని, రాజీ పడటమని అర్థం చెబుతారు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు కొడుకులను జీపులో సజీవదహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని ప్రకటించింది. దర్యాప్తు మాత్రం ఆగలేదు, కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. ప్రధాన దోషి దారా సింగ్‌కు పడిన యావజ్జీవ శిక్షను ఆ కోర్టు 2011లో ఖాయం చేసింది. క్షమాపణ ఆమె సొంత నిర్ణయం, శిక్ష రాజ్యం పని. ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని ఆపమనే హక్కు ఏ సంఘ పెద్దకూ లేదు. క్షమించడానికి ఇంకా మనసు రాని మనిషిని తొందరపెట్టే హక్కు అసలే లేదు.

బృందానికి ఏం తెలిసుండాలి? వేదాంతం కంటే ముందు కాగితాలు తెలియాలి. రైతు ఆత్మహత్య చేసుకుంటే ఇచ్చే సాయాన్ని తెలంగాణ ప్రభుత్వం 2015లో 6 లక్షల రూపాయలకు పెంచింది. అది రావాలంటే ఆర్డీవో ఆధ్వర్యంలోని త్రిసభ్య కమిటీ నిజమేనని తేల్చాలి. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, అప్పుల ఆధారాలు చూపాలి. 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా కింద నామినీకి 5 లక్షలు వస్తాయి. అది పట్టాదారు పాస్‌బుక్ ఉన్న, 18 నుంచి 59 ఏళ్ల లోపు రైతుకే. కౌలుదారుకు లేదు. నామినీ పేరు సరిగా ఉందో లేదో మనిషి బతికుండగానే చూసుకోవాలి. గుంపు మేస్త్రీ వెంట వలస పోయినవాళ్ల పేర్లు భవన నిర్మాణ కార్మికుల బోర్డులో నమోదయ్యాయో లేదో కూడా అప్పుడే చూడాలి.

హత్య కేసుల్లో 2016లో మార్చిన ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ నిబంధనల ప్రకారం బాధిత కుటుంబానికి 8.25 లక్షలు రావాలి. అందులో సగం పోస్టుమార్టం తర్వాత, మిగతా సగం చార్జిషీటు కోర్టుకు చేరాక. అట్రాసిటీ చట్టంలోని 15ఎ సెక్షన్ కింద బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చులు అడిగే హక్కుంది, కోర్టులో తమ మాట వినిపించే హక్కూ ఉంది. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధులకే ఎస్సీ హోదా ఇస్తుంది. క్రైస్తవులుగా మారిన ఎస్సీలు తెలంగాణలో బీసీ-సి కిందికి వస్తారు. అందుకే ఇలాంటి కేసుల్లో కుల ధ్రువీకరణ పత్రం మీదే గొడవ మొదలవుతుంది. మొదటి వారంలోనే వకీలును కలవాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఈ సంగతి తెలిసిన మనిషి ఒక్కరున్నా ఆ ఇల్లు నెలల తిప్పలు తప్పించుకుంటుంది.

బృందం నడవడికి ఐదు కట్టుబాట్లు పెట్టుకోవాలి.

1. చావు ఎందుకొచ్చిందో వివరించకూడదు. విశ్వాసం తక్కువైందన్న మాట నోట రాకూడదు.

2. డాక్టర్ రాసిన మందు ఆపమని చెప్పకూడదు. టీబీ మందు అయినా, మనోవ్యాధి మందు అయినా ప్రార్థనతో పాటే సాగాలి.

3. క్షమాపణ కోసం, రాజీ కోసం ఒత్తిడి తేకూడదు.

4. ఏ కులం, ఏ మతం అని చూడకూడదు. పక్కింటి హిందూ కుటుంబానికీ, ముస్లిం కుటుంబానికీ ఇదే తోడు అందాలి.

5. ఆ ఇంటివాళ్లు అడగనిదే మతం మాట ఎత్తకూడదు. బాప్తిస్మం ఊసు ఏడాది లోపు అసలే రాకూడదు. ఆ ఇంటి ఫోటోలు, సాక్ష్యాలు వాట్సాప్‌లో పెట్టకూడదు.

ఐదో కట్టుబాటు కొందరికి మింగుడు పడదు. సువార్త చెప్పడం విశ్వాసి విధి కదా, దానికి గడువేమిటని అడుగుతారు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించే హక్కుతో పాటు ప్రచారం చేసుకునే హక్కూ ఇచ్చింది. ఎదుటివాణ్ని మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. చట్టం మాట అటుంచినా, పాడె ఎత్తిన వారానికే మతం మారమని అడిగితే అది దిక్కులేని మనిషితో బేరమాడటమే. ముచ్చింతలలో ఊరే అడిగింది. అడిగినప్పుడు దాచకుండా చెప్పడానికి ఈ కట్టుబాటు అడ్డం కాదు. పైగా సాయం ముసుగులో మతమార్పిడి అన్న నిందకు ఇంతకంటే గట్టి జవాబు లేదు.

డబ్బెక్కడిది అన్నది రెండో అభ్యంతరం. ఈ పనికి కావలసింది ముఖ్యంగా బస్సు చార్జీలు, జిరాక్సులు, ఒక పూట కూలి పోగొట్టుకుని వెంట నడిచే మనుషులు. నెలలో ఒక ఆదివారం కానుకను ఈ పనికి కేటాయించి, లెక్క మందిరం గోడ మీద అంటించాలి. అది చాలని చిన్న సంఘాలు మండలంలోని ఇతర మిషన్ల సంఘాలతో కలవాలి. బాప్టిస్టు, మెన్నొనైట్, సీఎస్ఐ, కేథలిక్, స్వతంత్ర సంఘాలు క్రిస్మస్ ర్యాలీకి కలుస్తున్నప్పుడు తహసీల్దార్ ఆఫీసుకు కలిసి వెళ్లలేకపోవడానికి కారణం ఉండదు.

ఇది పాస్టర్ పనే కదా అన్నది మూడోది. మూడు నాలుగు ఊళ్లు తిరిగే పాస్టర్ ఒక్కరే కోర్టు వాయిదాలకూ వెళ్లలేరు. యెరూషలేములో అపొస్తలులు చెప్పిందీ అదే.

మొదలుపెట్టడానికి పెద్ద సభ అక్కర్లేదు. వచ్చే సంఘ సమావేశంలో భూస్థాపనల రిజిస్టర్ తెరిచి గత మూడేళ్ల పేర్లు చదవాలి. ప్రతి పేరు ఎదుట మూడు సంగతులు రాయాలి: రావలసిన సాయం వచ్చిందా, కేసు ఉంటే ఎక్కడిదాకా వచ్చింది, ఆ ఇంటికి సంఘం నుంచి చివరిసారి ఎవరు ఎప్పుడు వెళ్లారు. ఖాళీగా మిగిలిన గడులే బృందం మొదటి నెల పని. ఐదుగురి పేర్లు ఆ రోజే ఎన్నుకుని మినిట్స్ పుస్తకంలో రాయాలి. సంఘ పెద్దలు ఈ తీర్మానం పెట్టకపోతే స్త్రీల సమాజం పెట్టాలి, యువజనులు బలపరచాలి.