హార్మోనియం ఎవరి శృతిలో?

మా అక్క కూతురు పద్యం పాడుతుంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. డిగ్రీ చదువుతూ, సెలవుల్లో వాళ్ళమ్మతో పాటు పత్తి తీతకీ మిరప కోతకీ పోతుంది. సత్తెనపల్లి చుట్టుపక్కల చేలల్లో ఈ పిల్ల పాడుతుంటే పక్క చేలోవాళ్ళు కూడా చేతిలో పని ఆపి వింటారు. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. ఫోనులో వినీ వినీ పట్టుకున్న రాగాలు.

మొన్న చలికాలంలో మా వైపు పద్యనాటక శిక్షణ శిబిరం పెడుతున్నారని తెలిసి ఎగిరి గంతేసింది. పది రోజుల శిబిరం. పదహారు మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. మూడో రోజు సాయంత్రం ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఏమైందే అంటే, "పిన్నీ, నా గొంతు నాటకానికి పనికిరాదంట" అంది.

విషయమేమిటని మర్నాడు నేనే వెళ్ళి కూర్చున్నాను. హార్మోనియం ఒకటిన్నర శృతిలో మోగుతోంది. అక్కడున్న మగపిల్లలకది హాయిగా ఉంది. మా పిల్ల చంద్రమతి పద్యం ఎత్తుకుంటే కింది షడ్జంలో మాట వినపడటం లేదు, పై షడ్జం దాటితే గొంతు చీరుకుపోతోంది. ఆడవాళ్ళ గొంతుకి అయిదో అయిదున్నరో సౌకర్యమని పాట నేర్పే ఏ టీచరమ్మనడిగినా చెబుతుంది. "శృతి మార్చండి మాస్టారూ" అన్నాను. "ఒక్క పిల్ల కోసం శృతి మారుస్తామా అమ్మా? పద్యాలు తీసేద్దాం, మాటలు చెబితే చాలు. చంద్రమతి ఏడిస్తే చాలు కదా!" అన్నారాయన. అందరూ నవ్వారు. నవ్వనిది మేం నలుగురమే.

ఆ ఒక్క మాటలో మన పద్యనాటక శిక్షణ మొత్తం ఉంది. అతనికి పద్యం, ఆమెకి ఏడుపు. అతనికి శృతి, ఆమెకి సర్దుబాటు.

నా కోపం ఆ మాస్టారొక్కరి మీదే కాదు. ఆయన వేళ్ళు ఏళ్ళ తరబడి అదే మెట్ల మీద నడిచాయి. అయిదున్నరలో వాయించాలంటే మళ్ళీ సాధన చేయాలి. ఆ సాధన చేయాల్సిన అవసరం ఆయనకి ఇంతవరకూ ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

మన జిల్లాల నాటక చరిత్ర చెప్పమంటే అందరూ మొదట స్థానం నరసింహారావు పేరే చెబుతారు. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామ విలాస సభలో సత్యభామగా, చింతామణిగా, రోషనారగా పేరు తెచ్చుకుని, 1956లో పద్మశ్రీ అందుకున్న మహానటుడు. మన సుద్దపల్లిలోనే పుట్టిన ఈలపాట రఘురామయ్య కృష్ణుడి వేషంతో పేరు తెచ్చుకున్నారు. వాళ్ళ ప్రతిభని తక్కువ చేయను. కానీ ఒక్కటి గమనించండి. ఆడదానిలా నడవడం, జడ వేసుకోవడం, అలగడం మగవాడు ఏళ్ళ తరబడి నేర్చుకున్నాడు. ఆ నేర్చుకోవడాన్ని మనం తపస్సన్నాం. అదే వేషానికి ఆడపిల్ల వస్తే? "నువ్వు ఆడదానివే కదా, నీకు నేర్చుకునేదేముంది?" అంటున్నాం. ఆడతనం మగవాడి దగ్గరుంటే కళ, ఆడదాని దగ్గరుంటే ఒట్టి పుట్టుక!

ఇది మన ఒక్కరి కథే కాదు. 1588లో పోప్ అయిదవ సిక్స్టస్ రోములో ఆడవాళ్ళు రంగస్థలం ఎక్కకూడదన్నాడు. తర్వాతి కాలంలో ఇటలీలో ఒపేరా పుట్టాక ఆడగొంతు కావాల్సి వచ్చింది. అందుకు మగపిల్లల వృషణాలు కోసి, వాళ్ళకి నేపుల్స్ సంగీత పాఠశాలల్లో ఏళ్ళకేళ్ళు కఠినమైన శిక్షణ ఇచ్చారు. ఆడదాన్ని పాడనివ్వడం కన్నా పిల్లవాడి ఒళ్ళు కోయడమే వాళ్ళకి తేలికనిపించింది. ఇవాళ అక్కడి ఒపేరా కంపెనీల్లో చాలావాటికి యువ గాయనీ గాయకుల శిక్షణ విభాగాలున్నాయి. గొంతు, భాష, నటన నేర్పుతూ నెలనెలా భత్యం ఇచ్చేవీ ఉన్నాయి.

అలాగని అక్కడంతా స్వర్గమని అనుకోవద్దు. 2019లో ప్రపంచ ప్రసిద్ధ గాయకుడు ప్లాసిడో డొమింగో మీద అనేకమంది స్త్రీలు లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. ఆయన లాస్ ఏంజెలిస్ ఒపేరా సారథ్యం వదులుకోవాల్సి వచ్చింది. ఆ సంస్థ వేయించిన విచారణ 2020లో ఆ ఆరోపణలు నమ్మదగినవే అంది. తాను ఎవరి మీదా దౌర్జన్యం చేయలేదన్నాడాయన. అక్కడి యువ కళాకారుల శిక్షణకి ఆయన పేరే ఉండేది. నేర్పేవాడి చేతిలోనే అవకాశం కూడా ఉంటే, నేర్చుకునే ఆడపిల్ల నోరెలా తెరుస్తుంది? అందుకే శిక్షణ కావాలని అడిగేటప్పుడే రక్షణ కూడా అడగాలి.

"ఆడపిల్లలు రావడం లేదండీ, మేమేం చేస్తాం" అంటారు నిర్వాహకులు. రాకపోవడానికి కారణాలు వాళ్ళకి తెలియనివా? 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలైన వనారస వారి నాటక కుటుంబాల్లో ఆడవాళ్ళు రంగస్థలం మీదే పెరిగారు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి, సురభి కమలాబాయే. ఎందుకు సాధ్యమైంది? అక్కడ అమ్మ పక్కనే ఉంటుంది. చంటిబిడ్డ తెర వెనకే నిద్రపోతుంది. ఆ డేరా ఇల్లూ, బడీ కూడా. 1940లలో మోటూరి ఉదయం వంటి కమ్యూనిస్టు స్త్రీలు బుర్రకథ దళం కట్టి ఊరూరా తిరిగారు. వెనక ఉద్యమం నిలబడింది కాబట్టి తిరగగలిగారు. 1973లో కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల పెట్టి ఆడపిల్లలకి తిండీ బసా ఇచ్చి కథ చెప్పడం నేర్పారు. అక్కడ నేర్చుకున్న ఉమామహేశ్వరి గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. హరికథలో రాముడూ సీతా రావణుడూ అన్నీ ఆమే. శృతి ఆమెది. చిడతలు ఆమె చేతిలోవి. నేర్పితే వస్తారు, వచ్చి నిలబడతారు అనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

నాటకంలో మాత్రం ఆమె ఇప్పటికీ కాంట్రాక్టు మనిషే. తిరునాళ్ళకి ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులుంటారు, ఒక్కొక్కరికీ ఒక్కో అంకం. ద్రౌపదికో చంద్రమతికో ఎక్కడినుంచో ఒకామెని పిలిపిస్తారు. కాగితం ఉండదు, మాట మీదే బేరం. తెల్లవారుజామున నాటకం అయిపోయాక బస్టాండులో ఒంటరిగా కూర్చున్న అలాంటి ఒక నటిని నేనెరుగుదును. ముప్ఫయ్యేళ్ళుగా పాడుతోంది. "మా అమ్మాయికి మాత్రం నేర్పలేదమ్మా" అంది. ఎందుకని అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు.

ఆ అవసరం లేకపోవడం వెనక పెద్ద చరిత్రే ఉంది. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యావృత్తికి వ్యతిరేకంగా చింతామణి రాశాడు. ఆడీ ఆడీ జనం దాన్ని బూతు చేశారు. చింతామణి వేషం కట్టిన స్త్రీని మెట్లు దిగాక కూడా చింతామణిగానే చూశారు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని కించపరుస్తోందన్న ఫిర్యాదు మీద. ఆ కులం వాళ్ళ బాధ బాధే. కానీ అన్ని దశాబ్దాలుగా ఆ వేషం వేసిన స్త్రీలకి జరిగిన అవమానం మీద ఒక్క ప్రభుత్వ కాగితమైనా కదిలిందా? నిషేధంతో కూడు పోయిన నటి ఎవరో ఎవరైనా లెక్క తీశారా?

2023 డిసెంబరులో గుంటూరులోనే నంది నాటకోత్సవాలు జరిగాయి. పద్యనాటకానికి బహుమతులిచ్చారు. మంచిదే. బహుమతి ఇచ్చే ముందు ఆమె ఎక్కడ నేర్చుకుంది, ఎవరు నేర్పారు అని అడగండి. పంటకి ధర కడతారు, విత్తనం మాత్రం ఎవరూ ఇవ్వరు.

అందుకే మా వైపు మళ్ళీ శిబిరం పెట్టబోయేవాళ్ళని సూటిగా అడుగుతున్నాను. సగం సీట్లు ఆడపిల్లలకివ్వండి. ఆమె ఒంటరిగా పాడే పద్యాలన్నీ ఆమె శృతిలోనే వాయించండి. ఇద్దరూ కలిసి పాడే చోట ఇద్దరూ సర్దుకోవాలి, ఎప్పుడూ ఆమే కాదు. హార్మోనియం ఆడపిల్లలకీ నేర్పండి. వాయించే చెయ్యి మారితే శృతి దానంతటదే మారుతుంది. నేర్పేవాళ్ళలో అనుభవమున్న నటీమణుల్ని కూర్చోబెట్టి, మగ మాస్టారికిచ్చినంతే ఇవ్వండి. కూలి మానుకుని వచ్చే పిల్లకి ఆ పది రోజుల కూలి కట్టండి. మిరప కోతల రోజుల్లో శిబిరం పెట్టి రాలేదనకండి. మరుగుదొడ్డి, రాత్రి ఇంటికి దింపే బండి ఖర్చు కాదు, శిక్షణలో భాగం. పనిచోట లైంగిక వేధింపుల చట్టం 2013 నుంచీ ఉంది. పదిమంది కూడా లేని సంస్థల నుంచి వచ్చే ఫిర్యాదులు తీసుకోవడానికి ప్రతి జిల్లాకీ ఒక స్థానిక కమిటీ ఉండాలని అందులోనే ఉంది. ఆ కమిటీ వివరాలు శిబిరం గుమ్మం మీద రాసి పెట్టండి.

మా పిల్ల ఆ పది రోజులూ పూర్తి చేసింది. ఆఖరి రోజు పద్యాలు లేని చంద్రమతిగా ఏడ్చింది. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక ఫోనులో శృతిపెట్టె పెట్టుకుని అయిదున్నరలో కూర్చుని, తీసేసిన పద్యాలన్నీ వరసగా పాడింది. మా అక్క పొయ్యి మీద కూర మాడిపోతున్నా కదల్లేదు.

ఆ గొంతు పనికిరాదన్నవాళ్ళు ఒక్కసారి మా వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడి వినాలి. ఆ తర్వాత చెప్పమనండి, పనికిరానిది ఆమె గొంతో, వాళ్ళ శిబిరమో.