అమరావతి రాయికి 1880 నంబరెందుకు?

మాది తడ. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అక్క (హైస్కూల్లో సోషల్ చెబుతుంది) ఒక పని పెట్టింది. "ఒరేయ్, అమరావతి శిల్పాలు నెట్‌లో ఉన్నాయంట కదా, పిల్లలకి చూపిస్తా, కాస్త దించి పెట్టు" అంది. బ్రిటిష్ మ్యూజియం సైటులోంచి ఓ పది ఫోటోలు దించి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. తర్వాత ఫోన్ చేసి ఎలా జరిగిందని అడిగితే, "బావున్నాయన్నార్రా, ఐదు నిమిషాల్లో అయిపోయింది" అంది.

తప్పు నాదే. రోజూ డేటాబేసులతో కుస్తీ పట్టేవాణ్ణి, రికార్డులోంచి ఫోటో ఒక్కటి తీసుకుని మిగతా కాలమ్స్ అన్నీ పారేశాను. అసలు పాఠం వాటిల్లోనే ఉంది!

ఉదాహరణకి ఒక రాయి చూడండి. పలనాటి సున్నపురాయి, రెండువైపులా చెక్కారు. ఒకవైపు బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం. అది క్రీ.పూ. 1వ శతాబ్దం నాటిది. రెండోవైపు స్తూపం. అది క్రీ.శ. 3వ శతాబ్దం నాటిది. అంటే పాత రాయినే తిప్పి మళ్ళీ వాడుకున్నారన్నమాట. ఇక దాని నంబరు 1880తో మొదలవుతుంది, అది మ్యూజియంలో చేరిన సంవత్సరం. వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించింది 1845లో. ఆ రాళ్ళు మద్రాసు నుంచి లండన్‌కి ఓడెక్కింది 1859లో.

ఈసారి ఈ వివరాలన్నీ తెలుగులో రాసిచ్చాను. క్లాసులో ఒక పిల్ల లేచి, "మరి మధ్యలో ఇరవయ్యేళ్ళు రాయి ఎక్కడుంది టీచర్?" అని అడిగిందట. లండన్‌లోనే, ఇండియా మ్యూజియం వాళ్ళ చేతిలో. 1879లో అది మూతపడ్డాక బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశారు. ఆ తర్వాత "అడక్కుండానే ఎలా తీసుకెళ్ళారు?" అని పీరియడ్ అంతా గొడవేనట. నాకు కావాల్సింది ఆ గొడవే.

"తడలో లోకల్ ఎక్కితే మద్రాసు, ఎగ్మోరు మ్యూజియంలో అసలు రాళ్ళే ఉన్నాయి కదా, ఈ ఫోటోలెందుకు?" అనొచ్చు మీరు. నిజమే, తీసుకెళ్ళాల్సిందే. కానీ ముందు ఇలా ప్రశ్నలు పుట్టకపోతే పిల్లలు అక్కడా ఐదు నిమిషాల్లో బయటికొచ్చేస్తారు, నా ఫోటోల్లాగే.

మిగిలిన చిక్కల్లా భాషే. బ్రిటిష్ మ్యూజియం వాళ్ళ వివరాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అమ్ముకోకుండా, వాళ్ళ పేరు చెప్పి బొమ్మలు వాడుకోవడానికి అనుమతి ఉంది. నెట్ సరిగా లేని బడికి ప్రింటు తీసిచ్చినా చాలు. కోడ్‌కి కామెంట్లు రాసే ఓపికున్న మనం, చదువుకున్న బడి కోసం ఒక్క రాయి గురించి పది లైన్లు తెలుగులో రాయలేమా?

ఏమంటారు?